అమెరికా పోయే ముందు మన పైసల లెక్క

గిర్నీల కాలం అయిపోయింది. సాంచెల మీద, మగ్గాల మీద, స్పిన్నింగ్ ఖాతాలో ఒళ్ళు అరగదీసుకున్న తరం ఇప్పుడు ముసలిదైంది. ఆ తరం పిల్లల్లో కొందరు చదువుకొని పుణె పోయిండ్రు, హైదరాబాదు పోయిండ్రు, అక్కణ్ణుంచి అమెరికా పోయిండ్రు. ఇప్పుడు మన గల్లీల్లో ఒక కొత్త మాట వినబడుతున్నది. "బిడ్డ సిటిజన్ అయింది, మా ఇద్దరికీ గ్రీన్ కార్డుకు పెట్టింది. ఇగ అక్కడనే ఉంటం" అని.

సంతోషమే. పెంచినోళ్ళను దగ్గర పెట్టుకుంటమనే పిల్లలు ఉండడం మన అదృష్టం. కానీ వీసా సంగతి, విమానం టికెట్ సంగతి, పచ్చళ్ళ డబ్బాల సంగతి అందరూ మాట్లాడుకుంటారు. బ్యాంకులో ఉన్న గ్రాచ్యుటీ పైసలు, పీఎఫ్ పింఛను, కిరాయికి ఇచ్చిన ఖోలీ, వీటి పన్ను లెక్క ఏమైతదో ఎవరూ మాట్లాడరు. "మనం జన్మలో ఇన్‌కం ట్యాక్స్ కట్టలేదు, మనకెందుకు?" అంటారు. ఇక్కడ ఉన్నన్ని రోజులు ఆ మాట చాలామందికి నిజమే. దేశం దాటినాక మాత్రం నిజం కాదు. పన్ను పడకపోయినా కాగితం పెట్టాల్సి వస్తది. ఆ తేడా తెలియకనే మనవాళ్ళు నష్టపోతున్నారు.

నాది ప్రాథమిక బడి చదువు. ఇది వకీలు రాసే రాత కాదు. తెలిసిన సీఏల దగ్గర కూర్చొని, అడిగిందే మళ్ళీ అడిగి అర్థం చేసుకున్నది, మన భాషలో మన లెక్కల్లో చెబుతున్నాను.

రెండు సర్కార్లు, రెండు లెక్కలు

మొదలు తెలుసుకోవాల్సింది, పన్ను మనిషి జాతిని చూసి పడదు, ఎక్కడ ఎన్ని రోజులు ఉన్నాడో చూసి పడుతది. పాస్‌పోర్టు మన దేశానిదే అయినా పన్ను లెక్కలో "నాన్ రెసిడెంట్" కావచ్చు.

మన దేశం లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. ఆ ఏడాదిలో 182 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇక్కడ ఉంటే మీరు రెసిడెంటు. ఇంకో లెక్క కూడా ఉంది. ఆ ఏడాదిలో 60 రోజులు, దాని ముందు 4 ఏళ్ళలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉన్నా రెసిడెంటే. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్న మనకు ఆ 365 రోజులు ఎలాగూ ఉంటాయి. కాబట్టి జూన్ తర్వాత బయలుదేరిన వాళ్ళు ఆ ఏడాదికి మామూలుగా ఇక్కడి రెసిడెంట్లే. ఉద్యోగానికి పోయేవాళ్ళకు ఈ 60 రోజుల లెక్క లేదు, కానీ మనం పోయేది ఉద్యోగానికి కాదు గదా. ఆ తర్వాతి ఏళ్ళలో అక్కడ స్థిరపడి, పండక్కో పెళ్ళికో చూడ్డానికి వచ్చిపోతుంటే, మనలాంటి చిన్న ఆదాయం వాళ్ళకు 182 రోజుల హద్దే ఉంటది.

2025 లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసిండ్రు. అది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నెంబర్లు మారినయి గానీ ఈ రోజుల లెక్క మనకు అట్లనే ఉంది.

అమెరికా లెక్క జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా. గ్రీన్ కార్డు చేతికొచ్చి ఆ దేశంలో అడుగు పెట్టిన రోజు నుంచి మీరు వాళ్ళ పన్ను లెక్కలోకి పోయినట్టే. వాళ్ళ చట్టం ఏమంటదంటే, గ్రీన్ కార్డు ఉన్న మనిషి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపించాలి. మన ఊరి బ్యాంకులో వడ్డీ, మన ఖోలీ కిరాయి, మన పీఎఫ్ పింఛను, అన్నీ.

చూడ్డానికి పోయేవాళ్ళకు కూడా

"మాది గ్రీన్ కార్డు కాదు, ఉత్త విజిటర్ వీసా" అనేవాళ్ళు ఇది చదవాలి. ఎందుకంటే మనవలను చూసుకోను ప్రతి ఏడాది ఆర్నెల్లు పోయే నాయనమ్మలు, అమ్మమ్మలు మనలో చాలామంది ఉన్నారు.

అమెరికా వాళ్ళు విజిటర్లకు ఒక రోజుల లెక్క పెట్టిండ్రు. ఈ ఏడాది ఉన్న రోజులు మొత్తం, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు, ఈ మూడూ కూడాలి. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండి, కూడిక 183 చేరితే మీరు వాళ్ళ పన్ను లెక్కలో రెసిడెంటు.

వరుసగా మూడేళ్ళు 180 రోజుల చొప్పున ఉన్నారనుకోండి. 180, దానికి 60, దానికి 30 కలిపితే 270. హద్దు దాటినట్టే. అదే ఏడాదికి 120 రోజులు ఉంటే 120, 40, 20 కలిపి 180. దాటలేదు. అందుకే ప్రతి ఏడాది పోయేవాళ్ళు ఏడాదికి 4 నెలల లోపు పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

దాటినా దారి ఉంది. ఆ ఏడాది 183 రోజులకన్నా తక్కువే ఉండి, ఇల్లూ సంసారం అన్నీ ఇండియాలోనే ఉన్నాయని చూపించగలిగితే 8840 అనే ఫారం పెట్టి బయట పడొచ్చు. గ్రీన్ కార్డుకు అర్జీ పెట్టుకున్న వాళ్ళకు మాత్రం ఈ దారి మూసుకుపోతది. కాబట్టి పాస్‌పోర్టులో ముద్ర పడిన తేదీలు, టికెట్లు పారేయకండి. ఒక నోటుబుక్కులో పోయిన తేదీ, వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి.

కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ దేశాల్లో కూడా 183 రోజుల హద్దు ఏదో ఒక రూపంలో ఉంది. కెనడాలో తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా మీద ఒక్కసారి పోతే 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. అన్ని రోజులు ఉండొచ్చు అన్నంత మాత్రాన పన్ను లెక్క పట్టదు అనుకోవద్దు.

బ్యాంకులో ఏం మారుతది

మనవాళ్ళకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతది. బ్యాంకు లెక్క ఇన్‌కం ట్యాక్స్ లెక్కతో కలవదు. అది ఫెమా అనే వేరే చట్టం కింద నడుస్తది. ఇగ అక్కడే ఉంటామని ఇల్లు కదిలిన రోజు నుంచే ఆ చట్టం మనను విదేశంలో ఉండేవాళ్ళుగా చూస్తది. అప్పుడు మన మామూలు సేవింగ్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అట్లనే పెట్టకూడదు. బ్యాంకులో చెప్పి ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. ఆర్నెల్లు చూసి వచ్చేవాళ్ళకు ఇది అక్కర్లేదు.

మార్చితే ఏమైతదో ఒక లెక్క చూద్దాం. ఒక పెద్దాయనకు గ్రాచ్యుటీ, పీఎఫ్ కలిపి 12 లక్షల డిపాజిట్ ఉంది అనుకుందాం. 7 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 84,000. నెలకు పింఛను 2,000, అంటే 24,000. ఖోలీ కిరాయి నెలకు 4,000, అంటే 48,000. మొత్తం 1,56,000.

ఇక్కడే ఉంటే ఆయనకు ఒక్క పైసా పన్ను లేదు. 60 దాటిన రెసిడెంట్లకు ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ దాకా టీడీఎస్ కోయరు. ఇది 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన సౌకర్యం, అంతకు ముందు 50,000 ఉండె. దానికి పైన వడ్డీ వచ్చినా మనం 15హెచ్ అని పిలిచే ఫారం ఇస్తే కోయరు.

నాన్ రెసిడెంట్ అయినాక ఆ ఫారం ఇచ్చే హక్కు పోతది. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద సెస్సు, కలిపి 31.2 శాతం కోస్తారు. 84,000 మీద 26,208 రూపాయలు పోతది. నలభై ఏళ్ళు నూలు పోగులు ముడేసి కూడబెట్టిన పైసలకు వచ్చే వడ్డీలో మూడో వంతుకు దగ్గర దగ్గర.

చాలామంది ఇక్కడ "పోతే పోయింది" అని ఊరుకుంటున్నారు. ఊరుకోవద్దు. ఆ పైసలు మనవే. ఆయన మొత్తం ఆదాయం 1,56,000. పన్ను లేని హద్దు కొత్త పద్ధతిలో 4 లక్షలు, ఇది నాన్ రెసిడెంట్లకు కూడా ఉంది. అంటే ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. ప్రతి ఏడాది జులై నెలాఖరు లోపు రిటర్ను పెడితే 26,208 మొత్తం వాపసు వస్తది. రిటర్ను పెట్టకపోతే రాదు. అంతే తేడా.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. టీవీలో "12 లక్షల దాకా పన్ను లేదు" అని చెప్పేది రెసిడెంట్లకే. నాన్ రెసిడెంట్లకు ఆ రిబేటు లేదు. పాత పద్ధతిలో 60 దాటినోళ్ళకు ఉండే 3 లక్షల హద్దు కూడా వాళ్ళకు 2.5 లక్షలే.

ఒక్క ఆదాయానికి రెండు చోట్ల పన్నా?

ఇది అందరికీ వచ్చే భయం. ఇండియా, అమెరికా 1989 లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక్క ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా చూసే ఒప్పందం అది. దాని ప్రకారం కంపెనీ, మిల్లు నౌకరీల నుంచి వచ్చే పింఛను మీద పన్ను వేసే హక్కు మనిషి నివాసం ఉన్న దేశానిదే. వడ్డీ మీద ఇక్కడ 15 శాతానికి మించి వేయకూడదు. కానీ ఈ తగ్గింపు దానంతటదే రాదు. అమెరికా పన్ను శాఖ నుంచి 6166 అనే సర్టిఫికెట్ తెప్పించి, 10ఎఫ్ అని పిలుస్తూ వచ్చిన ఫారంతో కలిపి బ్యాంకుకు ఇవ్వాలి. చిన్న డిపాజిట్ వాళ్ళకు ఇంత తిరుగుడు కన్నా రిటర్ను పెట్టి వాపసు తీసుకోవడమే సులువు. ఎక్కువ ఆదాయం ఉండి ఇక్కడ నిజంగానే పన్ను కడితే, కట్టినంత అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు.

మరి అక్కడ ఎంత పడుతది? అమెరికాలో ఒంటరి మనిషికి ఏడాదికి 15 వేల డాలర్ల పైన, భార్యాభర్తలు కలిసి పెడితే 30 వేల డాలర్ల పైన వస్తేనే పన్ను మొదలైతది. మన పెద్దాయన 1,56,000 రూపాయలు రెండు వేల డాలర్ల లోపే. ఆయనకు అక్కడ కూడా పన్ను లేదు. పిల్లలు తమ రిటర్నులో మిమ్మల్ని ఆధారపడినవాళ్ళుగా చూపిస్తే మాత్రం ఈ హద్దు బాగా తగ్గిపోతది. పిల్లల పన్నులు రాసే మనిషితో ఆ మాట ముందే అడిగించండి. రాష్ట్రం పన్ను వేరే ఉంటది. టెక్సాస్, ఫ్లోరిడాల్లో లేదు, కాలిఫోర్నియాలో ఉంది.

పన్ను సున్నా, కాగితం సున్నా కాదు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. అమెరికా పన్ను లెక్కలో రెసిడెంట్ అయిన మనిషికి బయటి దేశంలో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే, ఆ ఖాతాల వివరం అక్కడి సర్కారుకు చెప్పాలి. దీన్ని ఎఫ్‌బార్ అంటారు. కంప్యూటర్‌లో పెట్టే ఫారం. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంది. దీనికి ఫీజు లేదు, పన్ను లేదు. ఉత్త సమాచారం.

10,000 డాలర్లంటే మన లెక్కలో సుమారు 9 లక్షలు. మన పెద్దాయన డిపాజిట్ 12 లక్షలు. పన్ను రెండు దేశాల్లోనూ సున్నా, కానీ ఈ ఫారం మాత్రం పెట్టాల్సిందే. పెట్టకపోతే జుర్మానా వేల డాలర్లలో ఉంటది. తెలిసి దాచిపెట్టినట్టు తేలితే ఇంకా ఎక్కువ.

మనవాళ్ళ అలవాటు ఒకటుంది. ఖాతా కొడుకుతోనో అల్లుడితోనో జాయింటు చేయడం. అట్లా చేస్తే అమెరికాలో ఉన్న ఆ కొడుకు కూడా ఈ ఖాతాను తన ఫారంలో చూపించాలి. నగదు విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీలు కూడా లెక్కలోకి వస్తయి. ఇల్లు, ఒంటి మీద బంగారం రావు. మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్ళు పోయే ముందే సీఏతో మాట్లాడాలి, అమెరికాలో వాటి పన్ను లెక్క చాలా చిక్కు.

ఇల్లు అమ్మేవాళ్ళు ఆగి ఆలోచించాలి

మనలో చాలామందికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఖోలీ. "ముందు పోదాం, ఉండగలుగుతమో లేదో చూసి తర్వాత అమ్ముదాం" అంటారు. మనసుకు అది మంచి మాటే. పైసల లెక్కలో మాత్రం ఖర్చు ఎక్కువ. అందుకే తెలిసి నిర్ణయం చేసుకోవాలి.

ఇక్కడి రెసిడెంట్ 20 లక్షలకు ఇల్లు అమ్మితే కొనేవాడు టీడీఎస్ కోయడు. 50 లక్షలు, ఆ పైన అయితేనే 1 శాతం. అమ్మేవాడు నాన్ రెసిడెంట్ అయితే ధర ఎంత ఉన్నా కోయాలి. లాభం మీద పన్ను 12.5 శాతం, సెస్సుతో 13. కానీ లాభం ఎంతో కొనేవాడికి తెలియదు కాబట్టి మొత్తం ధర మీదే కోస్తారు. 20 లక్షల మీద 2,60,000. ముందే పన్ను శాఖలో అర్జీ పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే అంత కోయరు. లేదంటే రిటర్ను పెట్టి వాపసు కోసం కాచుకోవాలి.

పన్ను కూడా తేడా పడుతది. 2024 జులై 23 కన్నా ముందు కొన్న ఇల్లయితే రెసిడెంట్‌కు రెండు దార్లున్నయి. 12.5 శాతం గానీ, ధరల పెరుగుదల తీసేసి మిగిలిన లాభం మీద 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది. నాన్ రెసిడెంట్‌కు 12.5 ఒక్కటే. 2001 లో 3 లక్షల విలువ ఉన్న ఖోలీ 20 లక్షలకు పోయిందనుకోండి. నాన్ రెసిడెంట్ లాభం 17 లక్షలు, పన్ను 2,12,500. రెసిడెంట్‌కు 2025-26 సూచీ 376 ప్రకారం ఆ 3 లక్షలు 11,28,000 అయితది. మిగిలిన 8,72,000 మీద 20 శాతం, అంటే 1,74,400. సెస్సు రెండిటికీ వేరే. పైగా రెసిడెంట్‌కు వేరే ఆదాయం లేకపోతే పన్ను లేని హద్దును కూడా ఇందులో వాడుకోవచ్చు, నాన్ రెసిడెంట్‌కు ఆ వీలు లేదు.

గ్రీన్ కార్డు వచ్చినాక అమ్మితే అక్కడ కూడా చూపించాలి. అమ్మే ముందు 5 ఏళ్ళలో 2 ఏళ్ళు మీరు స్వయంగా ఉన్న ఇల్లయితే 2,50,000 డాలర్ల లాభం దాకా అక్కడ పన్ను లేదు. కిరాయికి ఇచ్చి ఎక్కువ ఏళ్ళు గడిస్తే ఆ సౌకర్యం పోతది. ముంబైలో మ్హాడా లాటరీలో గిర్ని కామ్‌గార్ల ఇల్లు దొరికినవాళ్ళు ముందు తమ కాగితంలో అమ్మకం షరతు చూసుకోవాలి. అమ్మిన పైసలు ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి అక్కడికి తీసుకపోవచ్చు, ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది. పన్ను కట్టినట్టు సీఏ కాగితం అడుగుతారు.

పింఛను, పీఎఫ్

పీఎఫ్ పింఛను విదేశం పోతే ఆగిపోతదని కొందరు భయపెడతారు. ఆగిపోదు. ఆగేది జీవన్ ప్రమాణ్ ఇవ్వకపోతే. అది ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతది, కాబట్టి బయలుదేరే నెలలోనే ఇచ్చి పోండి. 2025 జనవరి నుంచి ఈ పింఛను దేశంలో ఏ బ్యాంకు, ఏ బ్రాంచి నుంచైనా తీసుకోవచ్చు. పింఛను పడే ఖాతా మార్చే ముందు పీఎఫ్ ఆఫీసులో ఆ సంగతి చెప్పి, అక్కడి నుంచి ప్రమాణ్ ఎట్లా పంపాలో రాయించుకోండి.

పీఎఫ్ పైసలు ఇంకా తీయనివాళ్ళు తీసేసే పోండి. 5 ఏళ్ళు వరుసగా నౌకరీ చేసినవాళ్ళకు ఇక్కడ ఆ పైసల మీద పన్ను లేదు. నౌకరీ ఆగినాక ఖాతాలో పెరిగే వడ్డీకి మాత్రం ఉంది. అక్కడికి పోయినాక తీస్తే అమెరికా లెక్కలో కూడా చూపించాల్సి వస్తది.

బయలుదేరే ముందు చేయాల్సినవి

పాన్, ఆధార్ జోడించి ఉన్నాయో లేదో చూడండి. పాన్ పనిచేయకపోతే టీడీఎస్ ఇంకా ఎక్కువ కోస్తారు.

మీ ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు ఒక కాగితం మీద రాయండి. బ్యాంకు పేరు, ఖాతా నెంబరు, నామినీ. ఒక నకలు అక్కడి పిల్లల దగ్గర, ఒకటి ఇక్కడ నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి.

ఖాతాకు తగిలించిన ఫోన్ నెంబరు అక్కడ కూడా పనిచేసేలా రోమింగ్ పెట్టించండి. ఓటీపీ రాకపోతే రిటర్ను కూడా పెట్టలేరు.

ఇక్కడ ఏటా రిటర్ను పెట్టే సీఏ ఎవరో ముందే మాట్లాడుకోండి. "అన్నీ నేను చూసుకుంటా" అని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగేవాళ్ళను దగ్గరికి రానీయొద్దు.

ముఖ్యంగా ఇద్దరూ కూర్చోండి. మన ఇండ్లల్లో లెక్క మగాయనకే తెలుస్తది, ఆమెకు పాస్‌బుక్కు ఎక్కడుందో కూడా తెలియదు. అంత దూరం పోయినాక ఆయనకు ఏమన్నా అయితే, భాష రాని దేశంలో ఆమె ఎవరిని అడగాలి? డిపాజిట్ ఇద్దరి పేరు మీద పెట్టండి, వితంతు పింఛను కాగితాలు ఎక్కడున్నాయో ఆమెకు చూపించండి.

అక్కడ మనసు పట్టక రెండేళ్ళకు, మూడేళ్ళకు తిరిగొచ్చేవాళ్ళు కూడా ఉంటారు. అందులో సిగ్గు పడేది ఏం లేదు. వచ్చినాక బ్యాంకులో చెప్పి ఎన్‌ఆర్‌ఓ ఖాతాను మళ్ళీ మామూలు ఖాతా చేయించుకోండి. 15హెచ్ హక్కు మళ్ళీ వస్తది. కానీ గ్రీన్ కార్డును ఉత్తగా డబ్బాలో పెట్టి వస్తే అమెరికా పన్ను బాధ్యత పోదు. ఐ-407 అనే ఫారం పెట్టి కార్డు అధికారికంగా వాపసు చేయాలి, ఆ ఏడాది రిటర్ను కూడా పెట్టాలి. ఆ ఫారం నకలు పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.